చెరిగిన దాణా

అంజిలయ్య బిడ్డ ఏం చదువుతున్నదని ఇబ్రహీంపట్నంలో ఎవరినడిగినా "ప్లాస్టిక్ చదువుతున్నది" అని చెప్పేవారు. విని ఊరుకునేవాళ్ళు కొందరైతే, ప్లాస్టిక్‌లో చదవడానికి ఏముంటుందని తీరిగ్గా ఆరా తీసేవాళ్ళు కొందరు. ఆ రెండో రకం వాళ్ళకు జవాబు చెప్పీ చెప్పీ విసిగిపోయి భూలక్ష్మి ఆఖరికి తానే "అవ్, ప్లాస్టికే" అనడం మొదలుపెట్టింది. అది 2008వ సంవత్సరం. రింగు రోడ్డు వస్తున్నదని సాగర్ రోడ్డు పొడుగునా ప్లాట్ల బోర్డులు మొలిచాయి. నిన్నటిదాకా మేకలు కాసుకున్నవాడు కూడా తెల్లబట్టలు వేసి, మోటారు సైకిలెక్కి, తూర్పు ముఖం ప్లాటు గొప్పతనం మీద ఉపన్యాసం ఇచ్చేవాడు. అట్లాంటి రోజుల్లో ఒక మనిషి ఏడేళ్ళుగా కరిగిన ప్లాస్టిక్‌ను మెలిపెడితే ఏమవుతుందో లెక్కలు కడుతూ కూర్చుంటే జనానికి వింతగా ఉండదా మరి.

ఆమె పగలు ఊరికి దగ్గరలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేది. మిగిలిన పొద్దంతా పీహెచ్‌డీ. పాల ప్యాకెట్లకూ సంచులకూ వాడే పాలిథీన్ ఉంది చూశారూ, దాని అణువులు పొడుగాటి దారాల్లాంటివి. అయితే నున్నటి దారాలు కావు, ఒక్కోదానికి పక్క కొమ్మలుంటాయి. కరిగినప్పుడు అవన్నీ ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉంటాయి. మెల్లగా లాగితే ఏ దారానికాదారం సందు వెతుక్కుని జారిపోతుంది. ఒక్కసారిగా, గట్టిగా లాగితే కొమ్మలు పక్కవాటిని పట్టుకుని బిగుసుకుంటాయి. లాగుడు ఒక హద్దు దాటిందంటే ఆ కొమ్మలే ముడుచుకుని దారం వెంట జారుతాయి. ఆ హద్దు ఎక్కడ, అప్పుడు బిగువు ఎంత, అది ఎంతసేపట్లో సడలుతుంది, ఇవన్నీ ముందే చెప్పే సమీకరణం ఒకటి భూలక్ష్మి రాసింది. రాయడానికి నాలుగేళ్ళు పట్టింది. సరైనదో కాదో తేల్చుకోవడానికి మరో మూడేళ్ళు పట్టినా ఇంకా తేలలేదు.

కథంతా ఇక్కడే చిక్కుపడింది. నగరంలో ఆమె పేరు నమోదైన విశ్వవిద్యాలయంలో ఒక పరికరం ఉంది. రూపాయి బిళ్ళంత రెండు ఉక్కు పలకలు, వాటి మధ్య కరిగిన ప్లాస్టిక్. పై పలకను రెప్పపాటులో తిప్పితే కింద ప్లాస్టిక్ ఎంత బలంగా ఎదురు తిరిగిందో కొలిచి చూపిస్తుంది. ప్రయోగశాలలో ఉన్న పాత సరుకుతో చేసిన మొదటి అయిదు ప్రయోగాలూ ఆమె గీసిన గీత మీదే వచ్చి కూర్చున్నాయి. ఆ తర్వాత చేసిన పదకొండు మాత్రం మొండికేశాయి. చిన్న మెలికలకు బుద్ధిగానే ఉండేవి. పెద్ద మెలిక పెట్టగానే గీతకు మూడోవంతు కిందికి, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోయేవి.

ఆమెకు మార్గదర్శి రమాకాంత్ సార్. కోపిష్టి కాదు, కానీ మొహమాటం లేని మనిషి. అయిదు కలిసి పదకొండు కలవకపోతే లోకం దాన్ని ఓడిపోయిన సమీకరణం అంటుందని మొహం మీదే చెప్పాడు. జూన్ ముప్పయ్యో తేదీ లోపు సిద్ధాంత గ్రంథం ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. పరికరం దగ్గర వరుసలో ఉన్న మిగతా పిల్లల్ని బతిమాలి ఆమెకు ఒకే ఒక్క రోజు ఇప్పించాడు, వచ్చే గురువారం. ఆ రోజు ఏదో ఒకటి తేలాలి, లేకుంటే ఏడేళ్ళూ పోయినట్టే.

ఆ పదకొండు ప్రయోగాలకు సరుకు ఇచ్చింది అంజిలయ్యే. మంచాల రోడ్డు మీద దయాకర్ అనే ఆసామికి పాల ప్యాకెట్ల పొర తీసే చిన్న ప్లాంటు ఉంది. అందులో అంజిలయ్య ఇరవై ఏళ్ళుగా మిషను నడుపుతున్నాడు. ప్లాస్టిక్ గింజల్ని అక్కడ దాణా అంటారు. ప్రయోగశాలలో అయిపోయిన రకం, ఆ ప్లాంటులో వాడే రకం ఒక్కటే కావడం భూలక్ష్మి అదృష్టం. కంపెనీ వాళ్ళు టన్నుల్లో తప్ప అమ్మరు, ఈమెకేమో నాలుగు కిలోలు చాలు. దయాకర్ సరేనన్నాడు. అప్పటి నుంచి ఆమె ఫలానా రోజుకు కావాలని చెప్పడం, తండ్రి సంచి కట్టి ఇంటికి తేవడం, అంతే.

ఆ ఆదివారం సంచి కోసం ఆగకుండా భూలక్ష్మి తానే ప్లాంటుకు పోయింది. సెలవు రోజు కదా, ఎవరూ ఉండరనుకుంది. తీరా చూస్తే రేకు తలుపు సగం తెరిచి ఉంది, లోపల మోటారు తిరుగుతున్నది. చిరిగిన పొరను కరిగించి మళ్ళీ దాణా చేసే చిన్న మిషను ఒకటి మూలన ఉంటుంది. దాని పక్కన తలకు తువ్వాల చుట్టుకుని అంజిలయ్య ఒక్కడే నిలబడ్డాడు. కొత్త సంచి విప్పి, అందులోని దాణాను దోసిళ్ళతో తీసి మిషను తొట్టిలో పోస్తున్నాడు. అటువైపు నుంచి సేమియా పోగుల్లాంటి తీగలు వచ్చి నీళ్ళలో చల్లారి, కత్తి చక్రం కింద గింజలు గింజలుగా తెగి పడుతున్నాయి.

"ఎవలది బాపు గది?" అనడిగింది.

"నీదే బిడ్డా. బేస్తారం నాటికి కావాలంటివి గద."

"నాదైతే మిషన్ల ఎందుకు పోస్తున్నవ్?"

"చెరుగుతున్న," అన్నాడాయన, ఇది కూడా అడగాలా అన్నట్టు. "కంపెనీ సంచుల దుమ్ముంటది, తేమ ఉంటది. గట్లనే ఇస్తరా ఎవలన్న? పెద్ద సార్ల దగ్గరికి పొయ్యేదాయె."

ఆ ఇంటి పద్ధతి తెలిసిన వాళ్ళకు ఇందులో వింతేమీ ఉండదు. అంజిలయ్య తల్లి నాటి నుంచీ వాళ్ళ గడప దాటి పరాయి చేతికి పోయే గింజ ఏదైనా చెరగకుండా పోదు. పక్కింటికి సోలెడు కందులిచ్చినా సరే, భూలక్ష్మి తల్లి బుగ్గమ్మ చేటలో పోసి పొట్టూ పుల్లా తీసి, రాయి ఏరి మరీ ఇస్తుంది. అంజిలయ్య కూడా అదే చేశాడు. ప్లాస్టిక్ చేటలో చెరిగితే శుభ్రం కాదు కాబట్టి కరిగించి, జల్లెడ గుండా తోసి, మళ్ళీ గింజ కట్టాడు. ప్రతిసారీ ఆదివారం వచ్చి, ముందు మిషను కడిగి, ఆ తర్వాత బిడ్డ దాణా పోశాడు. ఇంత శ్రద్ధ పెట్టినవాడు ఎవరితోనూ ఒక్క ముక్క చెప్పుకోలేదు, అన్నం వండే ముందు బియ్యం కడిగామని ఎవరు మాత్రం చెప్పుకుంటారు.

మొదటి నుంచి ఇట్లాగే చేస్తున్నావా అని భూలక్ష్మి అడిగింది. మొదటి నుంచీ అన్నాడు. అన్ని సంచులూనా అంది. అన్నీ అన్నాడు, మెచ్చుకుంటుందేమోనని కొంచెం నవ్వుతూ కూడా.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మిషను తోసుడుకు కరిగిన దారాలన్నీ నలిగి, కొమ్మలు విరిగి ఉంటే ఆ పదకొండు ప్రయోగాలూ చెత్తబుట్టకే. మళ్ళీ మొదటి నుంచి చేయడానికి పరికరమూ లేదు, రోజులూ లేవు.

"ఏడేండ్ల నా చదువు తీస్కవోయి మిషన్ల పోసినవ్ గద బాపు," అనేసింది.

అంజిలయ్య మిషను కట్టేశాడు. తలకు చుట్టిన తువ్వాల తీసి చేతులు తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, అట్లాగే నిలబడ్డాడు. ఎందుకని కూడా అడగలేదు. భూలక్ష్మి గిర్రున తిరిగి ఇంటికి వచ్చేసింది.

ఒక మాట ఒప్పుకోవాలి. తప్పు ఆయనది కాదు. వాడే ప్రతి పదార్థం ఎక్కడిది, ఎట్లా వచ్చింది, మధ్యలో దానికేం జరిగింది, అన్నీ రాసుకోండని తరగతిలో పిల్లల్ని వాయించే పంతులమ్మ ఆమె. అట్లాంటిది కన్నతండ్రి తెచ్చిన సంచి గురించి మూడేళ్ళలో ఒక్క ప్రశ్న వేయలేదు. గింజలు కొంచెం పొడుగ్గా ఉన్నాయని కూడా చూడలేదు. చూసే కళ్ళు కాగితాల్లో ఉన్నాయి.

ఆ పూట అంజిలయ్య అన్నానికి రాలేదు. బుగ్గమ్మ సంగతంతా విన్నది. కూతుర్ని తిట్టలేదు, ఓదార్చనూ లేదు. గిన్నెల మీద మూతలు పెడుతూ, "నువ్వు ఏం చదువుతున్నవో ఆయనకు ఎన్నడన్న చెప్పినవా? ఆయనకు ఎరుకైనంత ఆయన చేసిండు. నీకు ఎరుకైనంత నువ్వు చెప్పలే," అని మాత్రం అన్నది. భూలక్ష్మి అన్నం సగంలోనే వదిలి లేచింది.

తెల్లవారి లేచేసరికి అంజిలయ్య ఇంటి వెనక మేకల దొడ్డికి కంప కడుతున్నాడు. తుమ్మ కంప ఒక కుప్పగా పడి ఉంది, అందులోంచి ఒక్కో మండ తీసి దడిలో గుచ్చుతున్నాడు. భూలక్ష్మి పోయి పక్కన నిలబడింది. ఏం మాట్లాడాలో తెలియక తానూ ఒక మండను పట్టుకుని లాగింది. కుప్ప కుప్పంతా కదిలి వచ్చింది. అంజిలయ్య ఏమీ అనకుండా ఆమె చేతిలోంచి తీసుకుని, కొట్టేసిన మొదలు వెతికి పట్టుకుని గుంజాడు. పక్క రెమ్మలన్నీ ముడుచుకుని మండ నున్నగా బయటికి వచ్చింది.

భూలక్ష్మికి నవ్వొచ్చింది. నిన్నటి నుంచి గుండెల మీద ఉన్న బరువు నవ్వుతోపాటు కొంత దిగింది. బాపూ, నా చదువంతా ఇదే అని ఆ కుప్ప దగ్గరే గొంతు కూర్చుని చెప్పింది. కరిగిన దాణాలో ఉండేది ఇట్లాంటి కంపేనని, కంటికి కనపడనంత సన్నటిదని, ఒక్కసారిగా లాగితే రెమ్మలు ఎంతదాకా ఓర్చుకుంటాయో, ఎప్పుడు ముడుచుకుంటాయో చెప్పే లెక్క తాను రాసిందని. అంజిలయ్య కొడవలి పక్కన పెట్టి విన్నాడు. ఏడేళ్ళకు మొదటిసారి బిడ్డ తన చదువు తనకు చెబుతున్నది. ఆయన మొహంలో సంతోషమూ దిగులూ రెండూ ఒక్కసారే కనిపించాయి.

"అయితే మిషన్ల తిప్పి నేను కొమ్మలు ఇరగ్గొట్టిన్నా?" అనడిగాడు.

"ఇరిగినయా, లేకుంటే దువ్వినట్టు ఒక్క దిక్కుకు ఒరిగి ఊకున్నయా, గదే ఎరుకలేదు బాపు."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇరగలే బిడ్డా."

"నీకెట్ల ఎరుక?"

"తిప్పిన మాల్ పిసపిస సాగుతది, జర గుంజంగనే తెగుతది. గని మేము అన్నానికి పోయేటప్పుడు మోటర్ బంద్ చేసి హీటర్లు గట్లనే ఉంచుతం. తినొచ్చి గుంజి చూస్తే గదే మాల్ మల్ల బిర్రుగ వస్తది. ఇరిగినయైతే నేను అన్నం తినొచ్చేలోపట అతుక్కుంటయా?"

భూలక్ష్మి చేతిలో తుమ్మ ముల్లు గుచ్చుకుంది. ఆమె పట్టించుకోలేదు. దువ్విన కొమ్మలు వేడిలో కదలకుండా ఉంటే మెల్లమెల్లగా విచ్చుకుని మళ్ళీ పక్కవాటిలో చిక్కుపడతాయి. ఎప్పుడో పాత పత్రికల్లో చదివిన సంగతే, కొన్నిరకాల పాలిథీన్‌కు అట్లా జరుగుతుందని. చదివింది, మరిచిపోయింది. ఈయన రోజూ మధ్యాహ్నం అన్నం తినొచ్చి చూస్తున్నాడు.

మంగళవారం రమాకాంత్ సార్‌కు ఏదీ దాచకుండా చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత ఒక్క అనుమానం అడిగాడు. వేడిలో ఎక్కువసేపు ఉంచితే ప్లాస్టిక్ మాడుతుంది, మాడినా బిగుసుకుంటుంది కదా, అది కొమ్మలు విచ్చుకోవడమో మాడటమో ఎట్లా చెబుతావు అన్నాడు. భూలక్ష్మి దానికి సిద్ధంగానే వచ్చింది. మాడితే బిగువు పెరుగుతూ ఆమె గీత దాటి పైకి పోతుంది, ఆగదు. కొమ్మలు విచ్చుకుంటే గీత దాకా వచ్చి అక్కడే ఆగుతుంది. ఆగితే సమీకరణం నిలిచినట్టు, పదకొండు ప్రయోగాలకూ అర్థం దొరికినట్టు. గీత దగ్గరికి రాకపోయినా, దాటిపోయినా, రెంటికీ చెడ్డట్టే.

కొత్త దాణాతో ఒకటి రెండు ప్రయోగాలు చేసుకుంటే చేతిలో కనీసం అవైనా ఉంటాయని సార్ గుర్తు చేశాడు. ఏడింటితో గ్రంథం నిలుస్తుందా అని ఆమె అడిగింది. నిలవదని ఆయన ఒప్పుకున్నాడు. అయితే గురువారం చెరిగిన దాణాకే అంది భూలక్ష్మి.

గురువారం అంజిలయ్య కూడా వస్తానన్నాడు. చాకలి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, దాణా డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఎల్బీనగర్ దాకా బస్సులో వచ్చాడు. ప్రయోగశాలలోకి రాగానే చెప్పులు బయట విడిచాడు, వద్దన్నా వినలేదు. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మూడేళ్ళుగా ఇంట్లో వింటున్న ఆ పరికరం కుట్టు మిషనంత కూడా లేకపోవడం చూసి కొంచెం నిరాశపడ్డట్టు కనిపించాడు.

తొమ్మిదింటికి భూలక్ష్మి చెరిగిన దాణాతో చేసిన బిళ్ళలు నాలుగు వేడి పెట్టెలో పెట్టింది. గాలి తగిలి మాడకుండా లోపలికి నత్రజని వదిలింది. అయిదో బిళ్ళను అప్పుడే కరిగించి మెలిపెట్టింది. ఆమె గీత చెప్పింది నూరనుకుంటే వచ్చింది అరవై ఆరు. ఎప్పటి కథే. గంట తర్వాత మొదటి బిళ్ళ తీసి మెలిపెడితే డెబ్బై ఎనిమిది. రెండు గంటలది ఎనభై తొమ్మిది. పైకి వస్తున్నందుకు సంబరపడాలో, ఇట్లాగే పోయి గీత దాటుతుందేమోనని భయపడాలో ఆమెకు అర్థం కాలేదు. అంజిలయ్యకు అంకెలు తెలియకపోయినా బిడ్డ మొహం తెలుసు. అన్నం డబ్బా విప్పమంటే ఆకలి లేదన్నాడు. ఆమె కూడా తినలేదు.

నాలుగు గంటల బిళ్ళ తొంభై ఎనిమిది దగ్గర నిలిచింది. రమాకాంత్ సార్ తన గదిలోంచి వచ్చి వెనక నిలబడ్డాడు. ఇంకొక్కటే మిగిలింది. అది నూట అయిదో, నూట పదో అయితే అంతా మాడిన వాసనే. మధ్యలో రెండు గంటలు గడవాలి. అంజిలయ్య ఒకసారి ముందుకు వంగి, వేడి పెట్టె అంచు దగ్గర వాసన చూసి, "మాడలే," అన్నాడు మెల్లగా.

మూడు గంటలకు ఆరు గంటల బిళ్ళను పలకల మధ్య పెట్టింది. పై పలక తిరిగింది. తెర మీద గీత లేచి, వంగి, నెమ్మదిగా దిగుతూ పోయింది. తొంభై తొమ్మిది. మెలిక విడిచిన తర్వాత సడలడం కూడా ఆమె గీత పక్క నుంచే, దాన్ని ఒరుసుకుంటూ నడిచింది. ఇన్నాళ్ళూ తప్పేమో, తప్పేమో అని తాను కుమిలిన సమీకరణం తప్పు కాదు. భూలక్ష్మి కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుపూ కాదు, నవ్వూ కాదు, ఊపిరి మాత్రం గట్టిగా వదిలింది. పిల్లకేదో అయిందని అంజిలయ్య గోడ వదిలి రెండడుగులు వేసి ఆగిపోయాడు.

సార్ ఆమె నోటు పుస్తకం అందుకుని పాత అంకెలు తిరగేశాడు. సమీకరణం నిలిచింది, సంతోషమే. కానీ ఆ పదకొండూ ఒకే తీరుగా తగ్గలేదు కదా, ఎనిమిదేమో అరవై ఆరు దరిదాపుల్లో ఉన్నాయి, మూడు మాత్రం యాభై దాకా పడిపోయాయి, వీటి సంగతేమిటి అన్నాడు. భూలక్ష్మి ఆ అంకెల మీదికి వంగింది. ఆయన అంజిలయ్య వైపు తిరిగి, దాణాను ఎన్నిసార్లు తిప్పారని అడిగాడు.

అంజిలయ్య బిడ్డ వైపు చూశాడు. మళ్ళీ ఏం మునిగిందో అన్న భయం ఆ చూపులో ఉంది. ఆమె చెప్పమన్నట్టు తలూపింది.

"ఒక్కసారే తిప్పిన సార్. గని నిరుడు దసరా ముంగటి సంచి మటుకు రెండుసార్లు. మొదటిపారి నీళ్ళ తొట్టిల చెత్త పడ్డది. గట్లనే పంపుడు ఇష్టం కాక మల్ల తిప్పిన," అన్నాడు.

భూలక్ష్మి పుస్తకం లాక్కుని తేదీలు చూసింది. ఆ మూడు ప్రయోగాలూ నిరుడు దసరా సెలవుల తర్వాత వారంలో చేసినవే. ఎన్నిసార్లు దువ్వితే అంత కిందికి. ఎవరో లెక్క పెట్టుకుని మరీ చేసిపెట్టినట్టు ఉంది.

రమాకాంత్ సార్ కుర్చీని ఈసారి తానే జరిపి, కూర్చోమని అంజిలయ్య భుజం మీద చెయ్యి వేశాడు. గ్రంథానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి, ఈ సంగతంతా ఒక అధ్యాయం చేసి చేర్చు, నేను సంతకం పెడతాను అని భూలక్ష్మితో చెప్పాడు. జేబులోంచి పెన్ను తీసి, తెల్ల కాగితం ముందు పెట్టుకుని తానూ కూర్చున్నాడు. మిషను నడిపినాయన చెబుతుంటే ప్రొఫెసరు రాసుకోవడానికి సిద్ధమయ్యాడు. అంజిలయ్య కుర్చీ అంచున కూర్చుని చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

సార్ నోరు తెరిచేలోపే భూలక్ష్మి తన కుర్చీని తండ్రి దగ్గరికి లాక్కుంది.

"నేనడుగుత సార్," అంది. "బాపు, మొదటి సంచి నాడు మిషన్ వేడి ఎంత పెట్టినవ్?"